మోకాలి కింద బెత్తెడు

ఏంటి వదినగారూ, ఆ అరుగు మీద కూర్చుని మోకాలి కింద బొటనవేలితో అలా పొడుచుకుంటున్నారు? చీమ గానీ కుట్టిందా? ఓ, అదా! "ఈ ఒక్క బిందువు నొక్కండి, వంద రోగాలు మాయం" అన్న వాట్సాప్ ముక్క మీకూ వచ్చిందన్నమాట. నాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఒకటి మా మరిది పంపాడు, ఇంకోటి మా మరిది ఎవరికి పంపాడో వాళ్లు పంపారు.

కానీ మీరు నొక్కుతున్నది ఎముకని. ఎముకని ఎంతసేపు పొడిచినా నొప్పి తప్ప ఇంకేం రాదు. కాస్త గోడ దగ్గరికి జరగండి, చెబుతాను. బళ్లో పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకోదు.

మోకాలు సగం మడవండి. చిప్ప కింద అటొకటి ఇటొకటి చిన్న గుంటలు తగులుతున్నాయా? బయటివైపు గుంట చూసుకోండి. ఇప్పుడు నాలుగు వేళ్లూ కలిపి చెయ్యి అడ్డంగా ఆనించండి, చూపుడువేలు ఆ గుంట కిందికి రావాలి. చిటికెనవేలు ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఎత్తులో, కాలి ముందెముక అంచు నుంచి బయటికి ఒక వేలెడు జరగండి. పాదం పైకెత్తితే అక్కడ కండ ఉబ్బుతుంది. ఆఁ, అదీ! గట్టిగా నొక్కితే ఉత్త నొప్పిలా కాకుండా ఏదో లాగినట్టు, బరువెక్కినట్టు ఉందా? సూది గుచ్చే వైద్యులు కూడా రోగిని అదే అడుగుతారు. ఆ లాగుడూ ఆ బరువూ తెలిస్తేనే సూది సరైన చోట దిగిందని వాళ్ల లెక్క.

నా చెయ్యి అందించమంటారా? వద్దు, నా వేళ్లతో మీ కాలు కొలిస్తే తప్పిపోతుంది. చైనావాళ్లు దీనికి వాడే కొలత పేరు త్సున్. బొటనవేలి కణుపు దగ్గర వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు కలిపితే మూడు త్సున్‌లు, అంటే అచ్చంగా మన బెత్తెడు. ఎవరి కాలికి వాళ్ల వేళ్లే కొలబద్ద. పూలమ్మి దగ్గర మూర మల్లెపూలు కొన్నప్పుడు ఆవిడ మూరా మన మూరా అని రోజూ పేచీ పడతాం చూడండి, ఆ పేచీ ఇక్కడ రాకుండా చూసుకున్నారు. పొడుగువాడికి పొడుగ్గా, చంటిపిల్లకి చిన్నగా, ఎవరికి వాళ్లకి సరిపోతుంది.

దాని పేరు జూసాన్‌లీ. ఒళ్లంతా కనబడని దారులున్నాయనీ, వాటిలో 'చీ' అనే ప్రాణశక్తి తిరుగుతూ ఉంటుందనీ వాళ్ల శాస్త్రం. మెరిడియన్లంటారు వాటిని. ఒక్కో దారికి ఒక్కో అవయవం పేరు. ఇది పొట్ట దారి. దాని మీద ఉన్న 45 బిందువుల్లో ఇది 36వది. ఆ దారి కంటి కింద మొదలై, బుగ్గ మీదుగా దిగి, రొమ్మూ పొట్టా దాటి, కాలి ముందువైపుగా వచ్చి రెండో వేలి దగ్గర ఆగుతుంది.

రెండో వేలంటే మెట్టెల వేలే! మెట్టెలు పెట్టుకుంటే గర్భసంచికి మంచిదని, అది ఆక్యుప్రెషరనీ ఇంకో వాట్సాప్ ముక్క తిరుగుతోంది కదా. చైనా పటం తెచ్చి చూస్తే ఆ వేలి మీదున్నది గర్భసంచి కాదు వదినగారూ, పొట్ట. మెట్టెలు మనం పెట్టుకునేది మన ఆచారం కాబట్టి. దానికి చైనావాళ్ల సాక్ష్యం ఎందుకు చెప్పండి? తెస్తే ఇదిగో, అడ్డం తిరిగింది.

పొట్ట దారి మీద ఉంది కాబట్టి దీనికి అప్పగించిన పనులన్నీ ముందు పొట్టవే. కడుపునొప్పి, వాంతులు, అజీర్తి, ఉబ్బరం, విరేచనాలు, మలబద్ధకం. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు, కాళ్ల పీకుళ్లు, నీరసం. అక్కడి విద్యార్థులు బట్టీపట్టే పాతకాలపు పద్యం ఒకటుంది, నాలుగే నాలుగు బిందువులు చెబుతుంది. ముఖానికి చేతి బొటనవేలి దగ్గరిది, మెడకి మణికట్టు పక్కది, నడుముకి మోకాలి వెనకది, పొట్టకి ఇది. 

ఇదంతా నిన్నా మొన్నా పుట్టింది కాదు. మూడో శతాబ్దంలో హువాంగ్‌ఫు మీ అనే పండితుడికి జబ్బుచేసి ఒళ్లు స్వాధీనం తప్పితే, తన బాధకి తనే మందు వెతుక్కుంటూ సూది వైద్యం చదివాడు. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న బిందువులన్నీ ఒకచోట చేర్చి పుస్తకం రాశాడు. అంతకన్నా నాకు నచ్చింది కంచుబొమ్మ సంగతి. 1027లో సోంగ్ రాజుల కాలంలో వాంగ్ వెయీ అనే వైద్యుడు నిలువెత్తు మనిషి బొమ్మలు రెండు పోతపోయించాడు. ఒంటినిండా బిందువులున్నచోటల్లా సన్నటి చిల్లులు. పరీక్ష రోజున బొమ్మకి పైన మైనం పూసి చిల్లులు మూసేసి, లోపల నీళ్లు నింపేవాళ్లట. పాదరసమని చెప్పేవాళ్లూ ఉన్నారు. విద్యార్థి వచ్చి అడిగిన బిందువు దగ్గర సూది గుచ్చాలి. నీరు కారితే ప్యాసు, సూది వంగితే ఫెయిలు. కాపీ కొట్టడానికి వీల్లేని పరీక్ష!

ఎందుకు చెబుతున్నానంటే, వాళ్లు "కాలి మీద ఎక్కడో నొక్కండి" అనలేదు. వేలెడు అటూ ఇటూ కాకుండా చోటు చెప్పారు. చోటు అంత కచ్చితంగా చెప్పారు కాబట్టే తర్వాతివాళ్లకి సరిచూసే వీలు చిక్కింది. ఆ వాట్సాప్ ముక్కలో లేనిదల్లా ఆ కచ్చితమే. ఏ రోగానికో చెప్పదు, ఎంతసేపో చెప్పదు, ఎవరు చూశారో చెప్పదు. బొమ్మలో చుక్క కూడా ఎముక మీదే పెట్టాడు మహానుభావుడు.

సూదే గుచ్చాలా అంటారా? అక్కర్లేదు, రెండో పద్ధతి ఉంది, నిప్పు. భయపడకండి, దానికి మనింటి చుట్టరికం ఉంది. వినాయక చవితికి ఇరవయ్యొక్క పత్రుల్లో మొట్టమొదట ఏ పత్రి వేస్తాం? మాచిపత్రి. నలిపితే ఘాటుగా వాసనొస్తుంది చూడండి, ఆ జాతి ఆకే వాళ్లూ వాడతారు. ఎండబెట్టి దంచి దూదిలా చేసి, చుట్టగా చుట్టి అంటించి, ఆ సెగ బిందువుకి దగ్గరగా చూపిస్తారు. కొందరు బియ్యపుగింజంత ముద్ద చేసి చర్మం మీదే పెట్టి కాలుస్తారు. మోక్సా అంటారు దాన్ని. చైనా భాషలో ఈ వైద్యం మొత్తానికున్న పేరులోనే సూదీ కాల్చడమూ రెండూ జోడుగా ఉంటాయి. మాచిపత్రి బంధువర్గంలోనే ఇంకో మొక్క నుంచి తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త మలేరియాకి ఆర్టెమిసినిన్ మందు తీసి 2015లో నోబెల్ అందుకుంది. అయితే ఆవిడ పాత పుస్తకంలో ఉందని ఊరుకోలేదు. రసం తీసింది, ఎలుకల్లో చూసింది, తన ఒంటి మీద చూసుకుంది, ఆ తర్వాత రోగులకిచ్చింది. అందుకే అది మందైంది.

ఈ కాలి మీది చోటు జపాన్‌కీ వెళ్లింది. అక్కడ సాన్‌రి అన్నారు. 14వ శతాబ్దంలో కెన్కో అనే సన్యాసి, నలభై దాటినవాళ్లు ఒంటి మీద ఇంకెక్కడ మోక్సా వేయించుకున్నా సాన్‌రి దగ్గర కూడా కాల్చుకోవాలి, లేకపోతే వేడి తలకెక్కుతుందని రాసుకున్నాడు. అన్నయ్యగారికి చెప్పకండి, తన కోపానికి కారణం దొరికిందంటారు. 1689లో బషో కవి ఉత్తరాదికి కాలినడకన బయల్దేరేముందు చేసిన సన్నాహం చూడండి. చిరిగిన లాగు కుట్టుకున్నాడు, టోపీకి తాడు మార్చుకున్నాడు, సాన్‌రి మీద మోక్సా వేసుకున్నాడు. అంతే, ప్రయాణం కట్టాడు. మందులపెట్టె లేని రోజుల్లో నడిచేవాడికి అదే ధైర్యం.

ఇక అమెరికావాళ్లకి దీని మీద కన్ను పడింది ఒక అపెండిసైటిస్ పుణ్యాన. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా కడుపునొప్పి వచ్చింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేశారు. మత్తుమందు ఇవ్వకుండా సూదులతోనే కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు కానీ అది ఉత్తమాట. మామూలుగా మందు ఇంజెక్షన్ ఇచ్చే చేశారు. ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి గ్యాసు పట్టి పొట్ట బిగిసిపోతే, అప్పుడొచ్చాడు సూదుల వైద్యుడు. కుడి మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు గుచ్చి, ఆ ఆకు సెగ పొట్ట మీద చూపించాడు. గంటలో పొట్ట తేలికైందని, మళ్లీ ఆ బాధ రాలేదని రెస్టన్ రాశాడు. అది పేపర్లో చదివిన అమెరికా అంతా ఒకటే గోల. మరుసటి ఫిబ్రవరిలో వాళ్ల అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాక ఆ గోల ఇంకా పెరిగింది.

మనకి మాత్రం ఆ గోల కంటే ముందే అందింది. డాక్టర్ కోట్నీస్ పేరు విన్నారుగా, ఆయన మీద శాంతారాం సినిమా కూడా తీశాడు. జపాన్ దండెత్తినప్పుడు చైనావాళ్లకి వైద్యం చెయ్యడానికి 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. షోలాపూర్ కోట్నీస్ 1942లో అక్కడే పోయాడు. ఆ ఐదుగురిలో ఒకాయన, బసు గారు, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూది వైద్యం నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. సాయం చెయ్యడానికి వెళ్లినవాళ్లలో ఒకాయన ఓ విద్య మూటగట్టుకొచ్చాడు.

ఆఁ, అడుగుతారనే అనుకున్నా. "మన సుశ్రుతుడి మర్మాలే కదా వాళ్లు ఎత్తుకుపోయింది" అంటారు చాలామంది. కాదు. సుశ్రుతుడు 107 మర్మాలు చెప్పాడు నిజమే. కానీ ఏ మర్మానికి దెబ్బ తగిలితే ప్రాణం అప్పటికప్పుడు పోతుంది, ఏది కొన్నాళ్లకి చంపుతుంది, ఏది అవిటి చేస్తుంది, ఏది ఉత్త నొప్పి పెడుతుంది అని విడదీసి చెప్పాడు. కత్తి పట్టిన వైద్యుడు అక్కడ జాగ్రత్తపడాలని. వీళ్లేమో ఇక్కడే గుచ్చమంటారు. మనది ముట్టుకోవద్దన్న పట్టిక, వాళ్లది ముట్టుకోమన్న పట్టిక. రెండూ కలిపి మనదే అనుకుంటే ఇద్దరి చదువునీ తక్కువ చేసినట్టే.

సరే, అసలు సంగతికొస్తా. పని చేస్తుందా చెయ్యదా?

నడుం నొప్పితో మొదలెడదాం, మనిద్దరికీ ఉన్నదే కాబట్టి. జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి శాస్త్రం చెప్పిన చోట్లలో సూదులు, రెండో జట్టుకి సంబంధంలేని చోట్లలో పైపైన గుచ్చిన సూదులు, మూడో జట్టుకి మామూలు మందులూ వ్యాయామం. 2007లో ఫలితాలు వేశారు. ఆరు నెలల తర్వాత అసలు సూదుల జట్టులో 47.6 శాతం మందికి నయంగా ఉంది. దొంగ సూదుల జట్టులో? 44.2 శాతం! మామూలు వైద్యంలో 27.4. అంటే సూదికి ఏదో గుణం ఉంది, కానీ చోటు ఎక్కడైనా పెద్ద తేడా లేదు. వెయ్యేళ్ల కింద మైనం పూసి పరీక్షలు పెట్టినవాళ్లు వింటే ఏమనేవారో!

అంతటితో కొట్టిపారేద్దామంటే 2021లో ఇంకో సంగతి బయటపడింది. హార్వర్డ్‌లో చ్యూఫూ మా అనే శాస్త్రవేత్త జట్టు చిట్టెలుకల మీద చూశారు. సూక్ష్మజీవుల విషం ఎక్కించి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపల్లోపల రగిలే వాపు, తెప్పించారు. వెనక కాలి మీద ఇదిగో ఈ చోటే, జూసాన్‌లీ దగ్గర, సన్నటి కరెంటు ఇచ్చారు. అది నాడుల గుండా మెదడుకి పోయి, వేగస్ నాడి పట్టుకుని అడ్రినల్ గ్రంథిదాకా వచ్చి, అక్కడ విడుదలైన రసాయనాలు ఆ మంటని తగ్గించాయి. అదే కరెంటు పొట్ట మీది బిందువు దగ్గర ఇస్తే ఏం కాలేదు. ఎందుకూ అని వెతికితే, ఆ కబురు మోసే ఒక రకం నాడీకణాల కొసలు కాలి లోపలి పొరల్లో ఉన్నాయి, పొట్ట పొరల్లో లేవు. చీ కాదు, మెరిడియన్ కాదు, నాడి. కానీ చోటు మటుకు కుదిరింది.

అందుకని మీరిప్పుడు బొటనవేలు పెట్టి మళ్లీ మొదలెట్టకండి! అది చిట్టెలుక, అది కరెంటు, కొలిచి ఇచ్చిన మోతాదు. మీ వేలు నొక్కినా అంతే జరుగుతుందని వాళ్లు అనలేదు, నేనూ అనను.

మనుషుల్లో కాస్త గట్టి సాక్ష్యం ఉన్నది ఇంకో బిందువుకి. మణికట్టు గీత నుంచి మూడు వేళ్లు పైకి, లోపలివైపు రెండు నరాల్లా కనబడే తాళ్ల మధ్య. నిజానికవి నరాలు కావు, కండరాల కొసలు. అక్కడున్నది నైగువాన్. బెల్‌ఫాస్ట్‌లో మత్తుమందు డాక్టరు డండీ అనే ఆయన 1980ల్లో ఆపరేషన్ అయినవాళ్ల వాంతులకి దాన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు. తర్వాత చాలామంది చేశారు. 2015లో, వైద్య పరీక్షల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థవాళ్లు 59 పరీక్షలు, 7667 మంది రోగుల లెక్కలు కలిపి చూస్తే, ఆపరేషన్ తర్వాత వికారం, వాంతులు తగ్గించడంలో దొంగ చికిత్స కంటే అది మెరుగ్గా ఉంది. వాంతుల మందులకి దాదాపు దీటుగా నిలబడింది. చూశారా, ఎంత చిన్న మాట చెప్పారో! ఆపరేషన్ తర్వాత వాంతులు. అంతే. వంద రోగాలనలేదు. అందుకే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

మరి నొక్కుకోనా మాననా అంటారా? నొక్కుకోండి, భోజనమయ్యాక పొట్ట బరువుగా ఉన్నప్పుడో, నడిచొచ్చి కాళ్లు పీకుతున్నప్పుడో. రెండు మూడు నిమిషాలు, గోరు దిగకుండా. దానివల్ల పోయేదేం లేదు, రూపాయి ఖర్చు లేదు. హాయిగా ఉంటే మంచిదే, ఏమీ లేకపోతే మానెయ్యండి.

కానీ మూడు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి. పిక్క వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే అసలు మర్దనా చెయ్యకండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ముందు డాక్టరుకి చూపించాలి. అన్నయ్యగారికి షుగరు కదా, అరికాళ్లలో స్పర్శ తగ్గిందని మొన్ననే అన్నారు. ఆయన కాలికి సెగలూ మోక్సాలూ దగ్గరికి రానివ్వకండి. కాలినా తెలియదు, పుండు పడితే మానదు. సూదులే వేయించుకోవాలనుకుంటే చదువుకుని నేర్చిన మనిషి దగ్గరకే వెళ్లండి, కొత్త సూది కవరు మీ కళ్లముందు చింపాలి. కాలి మీద పెద్ద ప్రమాదం లేదు గానీ రొమ్ము మీద తెలియనివాడు లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడ్డ సందర్భాలున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. అన్నయ్యగారు రొమ్ములో పట్టేసినప్పుడల్లా "గ్యాసే, గ్యాసే" అంటూ ఉంటారు. షుగరున్నవాళ్లకి గుండెనొప్పి ఒక్కోసారి అచ్చం గ్యాసులాగే వస్తుంది. చెమటలు పట్టి, చెయ్యో దవడో లాగుతూ ఉంటే ఆ రోజు మోకాలి కింద బెత్తెడు కొలుస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చెయ్యండి, గోడ మీద నుంచి నన్నో కేక వెయ్యండి, మావాడు కారు తీస్తాడు.

ఇక ఆ ముక్క మీకు పంపిందెవరు? మీ ఆడపడుచా? పోట్లాట పెట్టుకోకండి. తిరిగి ఒకటే రాయండి: "ఏ జబ్బుకి, దేంతో పోల్చి చూశారు?" జవాబొస్తే నాకూ పంపండి, చదువుతాను. రాకపోతే ఇంకెవరికీ పంపకండి, మా మరిదికి అసలు పంపకండి.